చెళ్ళపిళ్ళ వారి 32 పేర్లు, కేటలాగులో ఒక్క పేరు

కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారి పేరును తెలుగులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఓసారి లెక్క వేద్దాం. ఇంటిపేరులో ళకు ళ వత్తే ఇచ్చి 'ళ్ళ' అని రాసేవాళ్లున్నారు, ల వత్తు ఇచ్చి 'ళ్ల' అని రాసేవాళ్లున్నారు. ఆ జంట రెండుచోట్ల వస్తుంది కనుక అక్కడే నాలుగు రూపాలు. 'వేంకట' అనీ 'వెంకట' అనీ రెండు. దాన్ని శాస్త్రితో కలిపి రాస్తే ఒకటి, విడదీస్తే ఇంకొకటి. ఆపైన శాస్త్రి, శాస్త్రులు. నాలుగు రెళ్లు ఎనిమిది, ఎనిమిది రెళ్లు పదహారు, పదహారు రెళ్లు 32. ముందు తగిలించే 'శ్రీ', వెనక తగిలించే 'గారు', పక్కన చేరే బిరుదులు ఇంకా లెక్కలోకే రాలేదు. ఈ 32లో ఏదీ చదివేవాడి కంటికి తప్పుగా అనిపించదు. కంప్యూటరుకు మాత్రం వీళ్లు 32 మంది.

లైబ్రరీలో పుస్తకాలు కంప్యూటరులో ఎక్కించడం మొదలుపెట్టాక కొన్నాళ్లకు ఈ బండారం బయటపడుతుంది. ఫలానా ఆయన పుస్తకాలు ఏమున్నాయని పాఠకుడు వెతికితే సగమే కనిపిస్తాయి. మిగతావి బీరువాలో ఉంటాయి, కేటలాగులోనూ ఉంటాయి, పాఠకుడు కొట్టిన రూపం కింద మాత్రం ఉండవు. ఒక రచయితవి మన దగ్గర ఏమేం ఉన్నాయో కేటలాగు చూపించాలన్నది 1876లో అమెరికన్ లైబ్రేరియన్ చార్లెస్ కట్టర్ రాసిన కేటలాగు నియమాల నాటి మాటే. ఆ పని చేయించే సాధనం ఆథారిటీ ఫైలు. ఒక మనిషికి ఒక రికార్డు. కేటలాగులో వాడదామని నిర్ణయించుకున్న రూపం అందులో ఒక్కటే ఉంటుంది, కనిపించిన మిగతా రూపాలన్నీ దాని కింద ఉంటాయి, ఎక్కడ చూసి రాశామో కూడా ఉంటుంది.

లైబ్రరీ రికార్డులను కంప్యూటరు చదివేలా రాసే పద్ధతి మార్క్ 21. అందులో ఒక్కో సమాచారానికి ఒక్కో నంబరు: 100 నిర్ణయించిన పేరు, 400 మిగతా రూపాలు, 500 సంబంధమున్న ఇంకో రికార్డు, 670 చూసిన ఆధారం. వేంకటశాస్త్రి గారిదే చూడండి:

100: చెళ్ళపిళ్ళ, వేంకటశాస్త్రి, 1870-1950
400: చెళ్లపిళ్ల, వెంకటశాస్త్రి
400: చెళ్లపిళ్ల, వెంకట శాస్త్రి
400: వేంకటశాస్త్రి, చెళ్ళపిళ్ళ
500: తిరుపతి వేంకట కవులు
670: పుస్తకం పేరు, అచ్చయిన సంవత్సరం, ముఖపత్రం మీద పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా

'ళ్ళ' మంచిదా 'ళ్ల' మంచిదా అన్న చర్చకు నేను ఎక్కువ సమయం ఇవ్వను. ఎక్కువ పుస్తకాల మీద ఏది ఉంటే అది తీసుకుని ముందుకు పోవాలి. ఏ రూపం ఎంచినా మిగతావి 400లో ఉంటే పాఠకుడు చేరతాడు. ఎంత చక్కని రూపం ఎంచినా 400 ఖాళీగా ఉంటే చేరడు. అన్ని రూపాలూ పెట్టనక్కర్లేదు కూడా. సాఫ్ట్‌వేరు తనంతట తాను కలపలేని తేడాలు, జనం నిజంగా కొట్టే తేడాలు చాలు. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో వెతికేవాళ్లు ఎక్కువ కాబట్టి రోమన్ లిపిలో ఒకటి రెండు వాడుక స్పెల్లింగులు కూడా 400లో వేయాలి. గీతలూ చుక్కలూ ఉన్న ఐఎస్ఓ 15919 రూపం పరిశోధకులకు పనికొస్తుంది గాని, అమలాపురంలో డిగ్రీ చదివే పిల్లాడు దాన్ని టైపు చేయడు.

670 దగ్గర బద్ధకించకూడదు. రెండేళ్ల తరవాత ఇంకొకరు ఆ కుర్చీలో కూర్చుని "ఈయన పుట్టింది 1870 అని ఎవరు చెప్పారు?" అని అడిగితే జవాబు అక్కడే ఉండాలి. రెండు పుస్తకాలు రెండు సంవత్సరాలు చెబితే రెండూ 670లలో రాసి, వాటిలో ఒకదాన్ని 100లో పెట్టి, ఎందుకు పెట్టామో సిబ్బంది నోటు రాసుకునే 667లో ఒక్క ముక్క రాస్తే సరి.

ఉన్నది ఉన్నట్టు రాసే చోటు

ఆథారిటీ పని మొదలుపెట్టగానే ఉత్సాహంలో జరిగే నష్టం ఒకటుంది. పేర్లన్నీ ఒకేలా ఉండాలి కదా అని 245లోనూ దిద్దేస్తారు. మార్క్ 21లో 245 ముఖపత్రం కోసం. పుస్తకం మీద పేరూ, రచయిత పేరూ ఎలా అచ్చయితే అలాగే దిగాలి. 264లో ప్రచురణ స్థలమూ ప్రచురణకర్తా అంతే. పుస్తకం మీద రాజమండ్రి ఉంటే రాజమండ్రి, రాజమహేంద్రవరము ఉంటే అదే, కోకనాడ ఉంటే కోకనాడే. 'అద్దేపల్లి అండ్ కో' అని ఉన్నదాన్ని 'అద్దేపల్లి వారు' అని మార్చే హక్కు మనకు లేదు. ఆథారిటీ రూపం వెళ్లాల్సింది 100 (ప్రధాన రచయిత), 600 (పుస్తకం ఎవరి గురించో వారు), 700 (పుస్తకంలో పాలున్న మిగతావారు) లాంటి చోట్లకే.

100లో తప్పు పడితే ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. 245ను 'సరిచేస్తే' మళ్లీ పుస్తకం చేతిలోకి తీసుకుంటే తప్ప అసలు ఏముందో తెలియదు. పాత ముద్రణల్ని వేరు చేసి చూపేది చాలాసార్లు ఆ అక్షరాల తేడానే.

ఇంటిపేరు ఎటు పక్క

తెలుగువాడి పేరులో ఇంటిపేరు ముందే ఉంటుంది, తిరగేయాల్సిన పని లేదు. సాఫ్ట్‌వేరుకూ, బయటి నుంచి దించుకున్న రికార్డులకూ ఈ సంగతి తెలియదు. చివరి మాట ఇంటిపేరనుకుని 'శాస్త్రి, శ్రీపాద సుబ్రహ్మణ్య' అనీ, 'రాజు, అడివి బాపి' అనీ చేసి కూర్చుంటాయి. అలా వదిలేస్తే శాస్త్రుల దగ్గరా రావుల దగ్గరా రాజుల దగ్గరా జాతర. ఆధునిక భారతీయుల్ని ఇంటిపేరు కింద పెట్టమనీ, తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ పేర్లలో ఇంటిపేరు గాని ఇంటిపేరులా వాడేది గాని లేకపోతే సొంత పేరు కింద పెట్టమనీ ఏఏసీఆర్2 (ఆంగ్లో అమెరికన్ కేటలాగింగ్ నియమాలు) చెబుతుంది. శాస్త్రి, రావు, రాజు, చౌదరి పేరుకు తోకలు. ఢిల్లీలోనో అమెరికాలోనో స్థిరపడి ఆ తోకనే ఇంటిపేరుగా వాడుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల పుస్తకాల మీద ఏది వాడారో చూసి దాని ప్రకారం పోవాలి.

ఇంటిపేరు తరవాత కామా పెట్టాలా వద్దా అని లైబ్రరీల మధ్య ఎప్పుడూ ఉండే వాదన. పెట్టాలనే నా మాట. ఆ కామా ఉంటేనే ఇంటిపేరు ఎక్కడ ముగిసిందో కంప్యూటరుకు తెలుస్తుంది, మొదటి ఇండికేటరు (100 లాంటి నంబరు పక్కన వేసే గుర్తు అంకె) 1 పెట్టడానికీ అర్థం ఉంటుంది. నన్నయలాగా ఒక్క పేరే ఉన్నవారికి ఇండికేటరు 0, కామా ఉండదు. జనానికి ఇంటిపేరు గుర్తులేని సందర్భాలు చాలా ఉంటాయి కాబట్టి సొంత పేరు ముందుంచిన రూపం 400లో తప్పనిసరి.

పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన రచయిత్రుల విషయంలో, పుస్తకాలు ఎక్కువగా ఏ పేరుతో వచ్చాయో అది 100, రెండోది 400. ఒక్క మనిషికి రెండు రికార్డులు మాత్రం వద్దు.

ఇద్దరు శ్రీపాదలు, ఇద్దరు కలిసిన ఒక్క కవి

రాజమండ్రి వైపు లైబ్రరీలన్నిటికీ తగిలే చిక్కు శ్రీపాద. శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి (1866-1960) ఒకరు, శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి (1891-1961) మరొకరు. భారత భాగవత రామాయణాలు మూడింటినీ ఒక్క చేత్తో తెనిగించినవారు మొదటివారు, కథకులు రెండోవారు. వెన్ను మీద 'శ్రీపాద' అని మాత్రమే ఉన్న అట్టను చూసి ఎక్కించేస్తే అటువి ఇటు, ఇటువి అటు అవుతాయి. సంవత్సరాలు 100లో ఉండాలనేది ఇందుకే. పేరు వేరైనా సరే, జాబితాలో పక్కపక్కన కనిపించినప్పుడు క్లిక్ చేసేవాడి వేలు జారకుండా అవి ఆపుతాయి. సంవత్సరాలు దొరకని రచయితలకు వృత్తి పెట్టండి. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరి పక్కన 'హోమియో వైద్యుడు' అని ఉంటే చాలు, ఇద్దరూ విడిపోతారు.

ఇద్దరు కలిసి ఒకే పేరు పెట్టుకున్నప్పుడు లెక్క ఇంకోలా ఉంటుంది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి కలిసి రాసినవి 'తిరుపతి వేంకట కవులు' కింద. ఆ ఉమ్మడి పేరుకు సొంతంగా ఒక రికార్డు, దానికీ ఇద్దరి విడి రికార్డులకూ 500తో ముడి. వేంకటశాస్త్రి గారు ఒక్కరే రాసినవి ఆయన పేరు కిందే. బాలాంత్రపు వేంకటరావు, ఓలేటి పార్వతీశం కలిసిన 'వేంకట పార్వతీశ కవులు'కూ ఇదే పద్ధతి. ఇద్దరి పేర్లనూ 700లుగా చీల్చి ఉమ్మడి పేరును ఎగరగొట్టిన కేటలాగులో, ముఖపత్రం మీద చూసిన పేరుతో వెతికేవాడికి దారి మూసుకుపోతుంది.

అలాగని 'బాపు రమణ' అని ఒక రికార్డు చేయకూడదు. అది జనం కలిపి పిలుచుకునే పిలుపు, పుస్తకాల మీద ఎవరి పేరు వారిదే. నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ గారికి 'బాపు, 1933-2014' అని 100, అసలు పేరు 400. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారికి విడిగా. బొమ్మలు వేసిన పుస్తకాల్లో బాపు 700లోకి వస్తారు, పక్కన 'చిత్రకారుడు' అని సంబంధం రాయాలి. లేకపోతే కేటలాగు చూసినవాడు సగం తెలుగు సాహిత్యం ఆయనే రాశాడనుకునే ప్రమాదం ఉంది.

లైబ్రరీ ఉద్యమానికి పెద్దదిక్కు, కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య (1890-1979) గారికీ ఈ బాధ తప్పలేదు. వెంకట, వేంకట తేడా సరేసరి, రోమన్ లిపిలోకి వచ్చేసరికి ఇంటిపేరులో మొదటి అక్షరమే మారిపోతుంది. మీ లైబ్రరీలో ఆథారిటీ రికార్డు చేయడం నేర్పాలంటే మొదటి అభ్యాసంగా ఆయన పేరు ఇవ్వండి.

ఎన్నా, యన్నా

పొడి అక్షరాలు తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఇంకో రచ్చ. అదే అక్షరాన్ని ఒకరు 'ఎన్' అంటారు, ఒకరు 'యన్' అంటారు. 'ఎస్', 'యస్'. 'ఎం', 'ఎమ్', 'యం'. చుక్క పెట్టి ఖాళీ వదిలేవారు, చుక్క పెట్టి వదలనివారు, చుక్కే పెట్టనివారు. ఇక్కడ పుస్తకాన్ని బట్టి పోకుండా లైబ్రరీ ఒక నియమం రాసుకోవాలి: 100లో ఎ-కారంతో మొదలయ్యే రూపం (ఎన్, ఎస్, ఎం), ప్రతి అక్షరం తరవాత చుక్క, ఆ తరవాత ఒక ఖాళీ. యకారం రూపం 400లోకి. పూర్తి పేరు తెలిస్తే 100లోనే దానికోసం ఉన్న డాలర్ క్యూ అనే చిన్న భాగంలో. తెలిసిన పూర్తి పేరుతో పొడి అక్షరాల్ని తీసేయడం మాత్రం పొరపాటు. రచయితను అందరూ ఏ పేరుతో ఎరుగుదురో అదే 100లో ఉండాలి.

'శ్రీ', 'శ్రీమతి', 'డా.', 'ఆచార్య' 100లోకి రానక్కర్లేదు. వీటిని ఊడబెరకడానికి కొందరు 'శ్రీ' కనబడ్డచోటల్లా తీసేసే ఫైండ్ అండ్ రీప్లేస్ నడుపుతారు. శ్రీపాద 'పాద' అవుతుంది, శ్రీశ్రీ మాయమవుతాడు.

కంటికి కనపడని తేడాలు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కంటికి ఆనేవి. అచ్చంగా ఒకేలా కనబడుతూ కలవని పేర్లు అసలు తలనొప్పి.

అన్నిటికన్నా ఎక్కువగా తగిలేది సున్న. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక యూనికోడ్ సంఖ్య ఉంటుంది. తెలుగులో పూర్ణానుస్వారానికి అది 0సీ02. తెలుగు అంకెల్లోని సున్నకు 0సీ66. చాలా ఫాంట్లలో రెండూ ఒకేలా గుండ్రంగా ఉంటాయి. టైపు చేసేవారి అలవాటు వల్లా, స్కాన్ చేసిన పేజీని అక్షరాలుగా మార్చే ప్రోగ్రాముల వల్లా ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి పడుతుంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి పేరులో సున్నలు రెండు. ఏదో ఒకటి అంకె అయినా చాలు, ఆ పుస్తకం ఆయన జాబితాలోంచి జారిపోతుంది. తెరమీద ఎంతసేపు చూసినా తేడా దొరకదు. పరీక్ష తేలికే: అంకె సున్న అక్షరాన్నే (0సీ66) వెతికే పెట్టెలో అతికించి రచయితల వరస మొత్తం వెతకండి. రచయిత పేరులో తెలుగు అంకె ఉండే అవకాశం దాదాపు లేదు కనుక దొరికినవన్నీ తప్పులే అనుకోవచ్చు, కళ్లు మూసుకుని మార్చదగ్గది ఇదొక్కటే.

రెండోది జడ్‌డబ్ల్యూఎన్‌జే, అంటే పొల్లు తరవాత వచ్చే అక్షరం వత్తుగా దిగకుండా ఆపే అదృశ్య అక్షరం, సంఖ్య 200సీ. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర దీన్ని తమంతట తామే వదిలిపెడతాయి. 'కాటన్' అని రెండు రికార్డులుంటాయి, ఒకదాని తోకలో ఇది వేలాడుతుంటుంది. మాట చివర ఉన్నది తీసేయొచ్చు. మాట మధ్యలో ఉన్నది తీస్తే 'రాజ్‌కుమార్'లో జకారం కింద కకారం వత్తుగా దిగిపోతుంది. కనుక చివరివే తీయాలి. ఐత్వాన్ని ఒక ముక్కగా కాక ఎత్వం, దాని కింద గుర్తు అని రెండు ముక్కలుగా దాచిన పాత డేటా కూడా వస్తుంది. దాన్ని యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మారిస్తే అదే సర్దుకుంటుంది. 200సీని మాత్రం ఎన్ఎఫ్‌సీ ముట్టుకోదు.

యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితాలు మీ దగ్గర ఉంటే, మార్పిడి ప్రోగ్రాము ఇచ్చినదాన్ని నమ్మి నేరుగా ఎక్కించకండి. వత్తులు తారుమారై వచ్చినవి, విడిపోయిన దీర్ఘాలు ఉంటాయి. ముందు ఓ 50 పేర్లు అచ్చు పుస్తకాలతో సరిచూసి, ఏ అక్షరాలు తప్పుతున్నాయో పట్టుకుని, ఆ తరవాతే మిగతావి.

ఇప్పటికే వేలకొద్దీ రికార్డులు ఎక్కించేశారు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? 100, 700లలోని పేర్లన్నీ ఒక స్ప్రెడ్‌షీటులోకి దించుకోండి. పక్క వరసలో 'తాళం' అని ఒకటి తయారుచేయండి. అందులో ఖాళీలు, చుక్కలు, కామాలు, 200సీ, అరసున్న తీసేయాలి. దీర్ఘాలు హ్రస్వాలు కావాలి. ఖ, ఘ, థ, ధ లాంటి ఒత్తు హల్లులు క, గ, త, ద లాంటి మామూలు హల్లులు కావాలి. శ, ష రెండూ స. ళ అంటే ల. ఱ అంటే ర. వర్గాక్షరానికి ముందొచ్చే ఙ, ఞ, ణ, న, మ పొల్లులు సున్న. ఇలా చేస్తే చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి ఇద్దరూ 'చెల్లపిల్లవెంకటసస్త్రి' అవుతారు. శాస్త్రులు రూపం 'సస్త్రులు'గా పక్కనే పడుతుంది. తాళం వరస ప్రకారం సార్ట్ చేస్తే గుంపులు వాటంతట అవే దగ్గరికి వస్తాయి.

ఈ తాళం వెతకడానికే. రామారావు, రమారావు ఇద్దరూ దీనికి ఒక్కటే కనుక చూడకుండా కలిపేస్తే ఇద్దరు మనుషులు ఒకరవుతారు. దీన్నుంచి తప్పించుకునేవీ ఉంటాయి. ఆర్థర్ కాటన్ (1803-1899) గారిని తెలుగులో ఆర్థర్, ఆర్ధర్, ఆర్తర్ అని మూడు రకాలా రాస్తారు. థ త అయి, ధ ద అయితే మధ్యది విడిపోతుంది. పరభాషా పేర్లకు త, థ, ద, ధ నాలుగింటినీ త చేసి ఇంకో తాళం వేసుకోవాలి. ఓపెన్‌రిఫైన్ (జాబితాల్లోని తేడాల్ని పట్టి సరిచేసే ప్రోగ్రాము) వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అందులో మెటాఫోన్ వంటి ఉచ్చారణ పద్ధతులు రోమన్ అక్షరాల కోసం రాసినవి, తెలుగు మీద వాటితో పని జరగదు. అక్షర దూరం కొలిచే లెవెన్‌స్టైన్ పద్ధతి పనిచేస్తుంది, పైన చెప్పిన తాళం వరస మీద నడిపితే ఇంకా బాగా పనిచేస్తుంది.

'శ్రీమత్' ఇరికించే చోటు

పుస్తకాల పేర్లకూ ఇదే కట్టుబాటు కావాలి. కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రమునకు వివేకచంద్రిక అనే రెండో పేరుంది, 1887లో వచ్చిన ఇంగ్లీషు అనువాదానికి పూర్తిగా వేరే పేరుంది. 240లో 'రాజశేఖర చరిత్రము' అని ఏకరూప శీర్షిక పెడితే అన్ని ముద్రణలూ, అనువాదమూ ఒకే చోటికి వస్తాయి. చరిత్రము, చరిత్రం తేడాకు ఆథారిటీ రికార్డులో 400 చాలు.

ఇతిహాస పురాణాల దగ్గర చిత్రమైన సాంకేతిక చిక్కు వస్తుంది. 245 రెండో ఇండికేటరులో అంకె వేస్తే అన్ని అక్షరాలు వదిలేసి వరస పెట్టమని అర్థం. శ్రీమద్భాగవతములో శ, పొల్లు, ర, ఈత్వం, మ, ద, పొల్లు కలిపి ఏడు. 7 వేస్తే 'భాగవతము' దగ్గర్నుంచి వరస మొదలవుతుంది, బాగానే ఉంది. శ్రీమదాంధ్ర మహాభారతము దగ్గర ఈ ఎత్తు పారదు. సంధి వల్ల 'ఆంధ్ర'లోని ఆ అక్షరం దకారం మీద దీర్ఘంగా మారిపోయింది. 6 వేస్తే హల్లు లేని దీర్ఘంతో మాట మొదలవుతుంది, 7 వేస్తే సున్నతో మొదలవుతుంది. రెండిట్లో ఏది వేసినా ఉండాల్సిన చోట పడదు. ఇండికేటరు 0గానే ఉంచి, పుస్తకానికి ఇంకో పేరు రాసే 246లో 'ఆంధ్ర మహాభారతము' అని విడిగా రాయడమే దారి.

ఊళ్లు, జిల్లాలు, కళాశాలలు

ఊరి పేరు మాత్రమే మారితే పని తేలిక. 2015లో రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. ఊళ్లకు 100, 400ల బదులు వాడే 151లో కొత్త పేరు, 451లలో రాజమండ్రి, రాజమహేంద్రి, రోమన్ రూపాలు. విషయ శీర్షికల్లో అన్ని పుస్తకాలకూ కొత్త పేరే. ద్రాక్షారామం, దాక్షారామం లాంటివీ ఇలాగే. యానాం దగ్గర కాస్త చూసుకోవాలి. డెల్టాలోనే ఉంది కదా అని బ్రాకెట్లో ఆంధ్రప్రదేశ్ పెట్టేస్తారు, అక్కడ పుదుచ్చేరి ఉండాలి.

హద్దులు మారితే అలా కుదరదు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడి, పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. 2022లో మళ్లీ విడిపోయి కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాలు వచ్చాయి, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. 1990లో పశ్చిమ గోదావరి గురించి రాసిన పుస్తకంలో ఏలూరూ కొల్లేరూ ఉంటాయి. దాన్ని నేటి జిల్లాకు ముడిపెడితే అబద్ధమవుతుంది. కాబట్టి పేరు అదే అయినా సంవత్సరాలతో రెండు రికార్డులు, మధ్యలో 551తో పూర్వం, తరవాత అనే లంకె, 678లో రెండు వాక్యాల చరిత్ర. కోనసీమ అనే ప్రాంతమూ కోనసీమ జిల్లా కూడా ఒకటి కావు. ధవళేశ్వరం దగ్గర 1852 నాటి ఆనకట్టా, తరవాత కట్టిన బ్యారేజీ కూడా రెండు శీర్షికలే.

సంస్థలకు మూడో పద్ధతి. 1972లో జేఎన్‌టీయూ, 2008లో విడిగా జేఎన్‌టీయూ కాకినాడ. 1985 నాటి థీసిస్‌ను కొత్త పేరు కిందకు తేకూడదు. అది వెలువడ్డప్పుడు సంస్థకు ఏ పేరుందో ఆ పేరు కిందే, రెండు పేర్ల మధ్య 510 లంకెతో ఉంచాలి. మనిషికి అన్ని కాలాలకూ ఒకే పేరు, సంస్థకు ఏ కాలానికి ఆ పేరు. కొత్తగా చేరినవాళ్లు తరచు తడబడేది ఇక్కడే.

విషయ శీర్షికల గురించి ఒక్కటే చెబుతాను. తుపాను, తుఫాను, తుఫాన్, సైక్లోన్ నాలుగూ వాడేసిన కేటలాగులో 1996 నవంబరు కోనసీమ తుపాను మీద ఉన్నవన్నీ ఒక్క వెతుకులాటలో దొరకవు. రొయ్యల చెరువులు, రొయ్యల సాగు, ఆక్వా కూడా అంతే.

కోహాలో కాలు జారే చోట్లు

కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేరులో ఆథారిటీ రికార్డుకూ పుస్తకం రికార్డుకూ మధ్య ముడి, పేరు పక్కన డాలర్ 9 అనే చిన్న భాగంలో ఉండే నంబరు. అక్షరాలు అచ్చంగా సరిపోయినా ఆ నంబరు లేకపోతే ముడి లేనట్టే. 100లో పేరు చేత్తో కొట్టకుండా పక్కనున్న బటన్ నొక్కి ఆథారిటీ నుంచి తెచ్చుకోవాలని పట్టుబట్టేది ఇందుకే. లేని పేరును తనంతట తానే ఆథారిటీగా సృష్టించే సెట్టింగు ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే ప్రతి అచ్చుతప్పుకూ ఒక రికార్డు పుడుతుంది. తెలుగు లైబ్రరీలో దాన్ని ఆపేయడమే క్షేమం.

లింకర్ మాడ్యూల్‌ను 'డిఫాల్ట్'లోనే ఉంచండి. ఒక్కటే సరిపోయినప్పుడే అది ముడి వేస్తుంది. 'ఫస్ట్ మ్యాచ్' పెడితే ఒకే పేరుతో ఇద్దరున్నచోట మొదట దొరికినవాడికి అంటగట్టేస్తుంది. వెతికే పనికి జీబ్రా అనే ప్రోగ్రాము వాడుతుంటే, అందులో యూనికోడ్ అక్షరాలకు తగిన ఐసీయూ ఇండెక్సింగ్ ఉండాలి. పాత సీహెచ్‌ఆర్ పద్ధతిలో తెలుగు మాటలు సరిగ్గా ఇండెక్సు కావు, మీ 400లన్నీ ఉన్నా లేనట్టే.

ఆథారిటీలో పేరు దిద్దాక కొందరు రచయితల పుస్తకాల్లో మారి, కొందరివాటిలో అసలు మారకపోతే ఆథారిటీ మెర్జ్ లిమిట్ అనే సెట్టింగు చూడండి. మామూలుగా అది 50. అంతకన్నా ఎక్కువ పుస్తకాలకు ముడిపడ్డ రికార్డును మారిస్తే ఆ పని వెంటనే జరగదు, క్రాన్ పనికి, అంటే రాత్రి నిర్ణీత వేళకు దానంతటదే నడిచే పనికి వాయిదా పడుతుంది. క్రాన్‌లో దాన్ని పెట్టకపోతే ఎప్పటికీ జరగదు. చెళ్ళపిళ్ళ, చిలకమర్తి, కందుకూరి లాంటి పెద్ద పేర్లే 50 దాటేవి కనుక ముఖ్యమైన పేర్లే మారకుండా మిగిలిపోతాయి.

రెండు రికార్డుల్ని విలీనం చేసేటప్పుడు 670లు ఎక్కువున్నదాన్ని ఉంచి, పోయేదాని 100ను ఉండేదానిలో 400గా చేర్చాకే బటన్ నొక్కాలి. తెరమీద ఎడమా కుడీ ఏదేదో ముందే చూసుకోండి. రచయితలకు అంతర్జాతీయంగా ఇచ్చే వీయాఫ్ నంబరు గాని ఐఎస్ఎన్ఐ పదహారు అంకెలు గాని దొరికితే 024లో వేసి పెట్టుకుంటే, తరవాత బయటి రికార్డులు దించినప్పుడు పేరు లిపి తేడా ఉన్నా మనిషిని గుర్తుపట్టొచ్చు.

కంప్యూటరు లేని శాఖా గ్రంథాలయానికి పొడవాటి నోటుపుస్తకం చాలు. అక్షరానికి నాలుగైదు పేజీలు, ల, ర, వ, శలకు ఇంకాస్త ఎక్కువ. ఎడమ పేజీలో నిర్ణయించిన పేరు, సంవత్సరాలు, చూసిన పుస్తకం యాక్సెషన్ నంబరు (లైబ్రరీ రిజిస్టరులో దానికిచ్చిన నంబరు). కుడి పేజీలో కనిపించిన మిగతా రూపాలు, కనిపించినప్పుడల్లా ఒక్కొక్కటి. పెన్సిలుతో రాయండి, వరసకు నాలుగు గీతల ఖాళీ వదలండి. ఎప్పుడో ఆ శాఖకు సాఫ్ట్‌వేరు వచ్చిన రోజున ఎడమ పేజీ 100లోకి, కుడి పేజీ 400లోకి, యాక్సెషన్ నంబరును బట్టి తీసిన పుస్తకం 670లోకి వెళ్తాయి.